వైరస్ ప్రోటీన్‌లో ఏ ముక్క హెచ్‌ఎల్‌ఏకు అతుక్కుంటుందో కంప్యూటర్‌తో ఎలా అంచనా వేయాలి?

నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో డిగ్రీలో బయోటెక్నాలజీ చదివేవారికి ప్రాజెక్టు సమయం రాగానే ఒకటే దిగులు: "ల్యాబ్‌లో పరికరాలు లేవు సార్, ఏం చేయాలి?" ఈ పనికి ఓ మాదిరి ల్యాప్‌టాప్, ఇంటర్నెట్ ఉంటే చాలు.

ముందు అసలు సంగతి. వైరస్ సోకిన కణం ఆ వైరస్ ప్రోటీన్లను ముక్కలు చేసి, కొన్నింటిని హెచ్‌ఎల్‌ఏ అణువుల (కణం ఉపరితలం మీద ప్రోటీన్ ముక్కలను ప్రదర్శించే ప్రోటీన్లు) గాడిలో ఇమిడ్చి పైకి చూపిస్తుంది. రోగనిరోధక వ్యవస్థలోని టి-కణాలు ఆ ముక్కలను (పెప్టైడ్లను) గుర్తుపట్టి సోకిన కణాన్ని చంపుతాయి. హెచ్‌ఎల్‌ఏలో ఒకటో తరగతి అణువుల గాడి రెండు చివరలా మూసుకొని ఉంటుంది. అందులో సాధారణంగా 8 నుంచి 11 అమైనో ఆమ్లాల ముక్కలు, ఎక్కువగా 9 ఉన్నవి పడతాయి. రెండో తరగతి గాడి చివరలు తెరిచి ఉంటాయి కనుక అక్కడ అంచనా కష్టం. కొత్తవారు దాని జోలికి ఇప్పుడే వెళ్లకండి.

మొదట యూనిప్రాట్ అనే ప్రోటీన్ల డేటాబేస్ నుంచి ప్రోటీన్ వరుసను (అమైనో ఆమ్లాల క్రమాన్ని) ఫాస్టా అనే టెక్స్ట్ రూపంలో తీసుకోండి. మీకు నచ్చిన వైరస్‌తో కాకుండా, జవాబు ముందే తెలిసిన ఇన్‌ఫ్లూయెంజా-ఏ ఎం1 ప్రోటీన్‌తో మొదలుపెట్టండి. అందులో 252 అమైనో ఆమ్లాలు ఉన్నాయి. ఒక్కొక్కటి జరుపుకుంటూ 9 చొప్పున కత్తిరిస్తే 244 ముక్కలు వస్తాయి. వాటిలో 58 నుంచి 66 వరకు ఉన్న ముక్క, అంటే జీ-ఐ-ఎల్-జీ-ఎఫ్-వీ-ఎఫ్-టీ-ఎల్ (ఒక్కో అక్షరం ఒక అమైనో ఆమ్లానికి గుర్తు), హెచ్‌ఎల్‌ఏ-ఏ*02:01 అనే రకానికి గట్టిగా అతుక్కుంటుందని ప్రయోగాల్లో తేలింది.

తర్వాత రోగనిరోధక వ్యవస్థ గుర్తించే ముక్కల డేటాబేస్ అయిన ఐఈడీబీ వెబ్‌సైట్‌లో ఒకటో తరగతి అంచనా పరికరాన్ని తెరవండి. ఇది ఉచితం. వరుసను అతికించి, పొడవు 9, పద్ధతిగా నెట్‌ఎంహెచ్‌సీపాన్ అనే న్యూరల్ నెట్‌వర్క్ ప్రోగ్రామ్ ఎంచుకుని, ఏ*02:01తో నడపండి. పై ముక్క పట్టిక పైభాగంలో కనిపిస్తే మీ పని దారిలో ఉన్నట్టే. ఇక్కడ ఒక తమాషా ఉంది. ఈ అల్లీల్ (జన్యువు రకం) ముక్కలో రెండో స్థానంలో ల్యూసిన్ లేదా మెథియోనిన్‌ను, తొమ్మిదో స్థానంలో వాలిన్ లేదా ల్యూసిన్‌ను ఇష్టపడుతుంది. మన ముక్కలో రెండోది ఐసోల్యూసిన్. సూత్రం పట్టుకుని చేత్తో ఏరితే ఇది జారిపోయేది. వేలాది కొలతల మీద తర్ఫీదైన న్యూరల్ నెట్‌వర్క్ తొమ్మిది స్థానాలనూ కలిపి చూస్తుంది కాబట్టే దొరుకుతుంది.

ఫలితాల్లో పర్సంటైల్ ర్యాంకును (ఇతర ముక్కలతో పోలిస్తే ఇది ఎక్కడ నిలుస్తుందో చెప్పే అంకె) ముందు చూడండి. ఎంసెట్ ర్యాంకులాగే, తక్కువైతేనే మంచిది. 0.5 లోపు ఉంటే గట్టి బంధం, 2 లోపు ఉంటే బలహీన బంధం అని వాడుక. కొన్ని పద్ధతులు ఐసీ50ని (బంధం బలాన్ని చెప్పే గాఢత కొలత) నానోమోలార్లలో ఇస్తాయి. అక్కడ 500 కంటే తక్కువ ఉండాలి, 50 లోపైతే చాలా బలమైనది.

ఇక మీ సొంత వైరస్‌కు వచ్చాక అల్లీళ్ల ఎంపికే అసలు పని. చాలా ప్రాజెక్టు రిపోర్టుల్లో ఏ*02:01 ఒక్కటే పెట్టి వదిలేస్తారు. మన దేశంలో ఏ*02:11, ఏ*11:01, ఏ*24:02, ఏ*33:03 తరచుగా కనిపిస్తాయి. పాలమూరు జనానికి టీకా ఊహిస్తూ వీటిని వదిలేయడంలో అర్థం లేదు. పైగా ఒక్కో మనిషిలో ఏ, బీ, సీ జన్యువులవి రెండేసి చొప్పున ఆరు వరకు ఒకటో తరగతి రకాలు ఉంటాయి. కనుక బీ రకాలనూ కలపండి. ఏ సమూహంలో ఏ అల్లీల్ ఎంత తరచుగా ఉందో చెప్పే అల్లీల్ ఫ్రీక్వెన్సీ నెట్ డేటాబేస్‌లో భారతీయ సమూహాల వివరాలు చూసి జాబితా రాసుకోండి. ఎక్కువ అల్లీళ్లకు అతుక్కునే ముక్కకే మొదటి మార్కు.

అతుక్కున్నంత మాత్రాన టి-కణం స్పందిస్తుందని కాదు. కణం ఆ ముక్కను అసలు కత్తిరించకపోవచ్చు, లేదా అది మన సొంత ప్రోటీన్లను పోలి ఉండవచ్చు. అందుకే మిగిలిన కొద్ది ముక్కలను బ్లాస్ట్ అనే వరుసలు పోల్చే పరికరంలో మనిషి ప్రోటీన్లతో పోల్చి, దగ్గరగా కలిసేవాటిని తీసేయండి. మిగిలినవి ల్యాబ్ పరీక్షకు అభ్యర్థులు మాత్రమేనని రిపోర్టులో స్పష్టంగా రాయండి. వాడిన పద్ధతి వెర్షన్, నడిపిన తేదీ కూడా రాయాలి. వెర్షన్ మారితే ర్యాంకులూ మారతాయి, వైవాలో అడిగితే చూపించడానికి ఆ వివరాలే ఆధారం.