తొలి ఉద్యోగం ఆలస్యంగా వెతుక్కుంటున్నారా? ఎన్‌సీఎస్‌లో పేరు నమోదు ఇలా

"అనుభవం అన్నచోట ఏం రాయమంటారండీ, సున్నా వేసేద్దామా?" దరఖాస్తులు నింపిపెట్టే నాకు వారానికి నాలుగైదుసార్లు ఎదురయ్యే ప్రశ్న ఇది. అడిగేది కాలేజీ కుర్రాళ్లు కాదు. పిల్లలు కాస్త పెద్దయ్యాక ఇప్పుడు వీలు చిక్కిన ఆవిడ, మంచాన పడ్డ తండ్రిని ఏళ్ల తరబడి చూసుకున్న కొడుకు, పోటీ పరీక్షల మీదే ముప్పై దాటేసిన డిగ్రీ అబ్బాయి. ఉద్యోగం కావాలి, చూపించడానికి పాత ఉద్యోగం లేదు.

ఇలాంటివారు ముందుగా పేరు నమోదు చేసుకోవాల్సిన చోటు నేషనల్ కెరీర్ సర్వీస్, వాడుకలో ఎన్‌సీఎస్. కేంద్ర కార్మిక, ఉపాధి మంత్రిత్వ శాఖ నడిపే ఈ పోర్టల్ 2015 జూలై 20న మొదలైంది. పని వెతికేవాళ్లు, మనుషులు కావాల్సిన సంస్థలు ఇద్దరూ ఇక్కడ పేరు పెట్టుకుంటారు. నమోదుకు రూపాయి కూడా కట్టక్కర్లేదు. చిరునామా ఎన్‌సీఎస్ డాట్ గవ్ డాట్ ఇన్. చివర గవ్ డాట్ ఇన్ లేని సైటు ఏదైనా అది ఈ సర్కారు పోర్టల్ కాదు, బొమ్మలూ రంగులూ ఎంత అచ్చంగా ఉన్నా సరే.

"నాకు ఈ-శ్రమ్ కార్డు ఉందిగా, అది చాలదా?" అని చాలామంది అడుగుతారు. చాలదు. 2021 ఆగస్టులో వచ్చిన ఈ-శ్రమ్ అసంఘటిత రంగ కార్మికుల జాబితా, అంతే. అందులో పేరున్నంత మాత్రాన ఉద్యోగానికి దరఖాస్తు పెట్టినట్టు కాదు.

ముందుగా సర్దుకోవాల్సినవి

ఆధార్, పాన్, పదో తరగతి మెమో, ఆ తర్వాత చదివినవాటి మెమోలు, ఉంటే కుల ధ్రువపత్రం, వికలాంగులైతే సదరం సర్టిఫికెట్. పాన్ లేకపోతే ఆదాయపు పన్ను శాఖ పోర్టల్‌లో ఆధార్ ఓటీపీతో ఈ-పాన్ ఉచితంగా తీసుకోవచ్చు. మెమో కాగితం చిరిగిపోయిందనో, చెదలు పట్టిందనో కంగారు పడేవాళ్లు ముందు డిజిలాకర్‌లో వెతకండి. అక్కడ బోర్డు జారీ చేసిన మెమోకి అసలు కాగితంతో సమాన విలువ ఉంటుంది. మరీ పాత బ్యాచ్‌ల మెమోలు దొరక్కపోతే బోర్డు నుంచి డూప్లికేటు తెచ్చుకోవాలి.

కాగితాలన్నీ ఉన్నా పని ఆగిపోయేది పేరు దగ్గర. మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది, ఆధార్‌లో పూర్తిగా ఉంటుంది, పాన్‌లో ఇంటిపేరు చివరికి పోయి ఉంటుంది. పెళ్లయిన ఆడవాళ్ల సంగతి చెప్పక్కర్లేదు, మెమోలో పుట్టింటి పేరు, ఆధార్‌లో అత్తింటి పేరు. పుట్టిన తేదీ మరో తలనొప్పి. చాలామంది ఆధార్‌లో జనవరి 1 అని ఉంటుంది, అప్పట్లో తేదీ తెలియక అలా వేయించినది. నా సలహా ఒకటే: మెమోలో ఎలా ఉందో ఆధార్‌ని అలా మార్పించండి, ఎందుకంటే మెమో మార్పించడం ఇంకా కష్టం. అయితే ఆధార్‌లో పేరు జన్మలో రెండుసార్లు, పుట్టిన తేదీ ఒక్కసారి మాత్రమే మార్చనిస్తారు. కాబట్టి ఫారం మీద ప్రతి అక్షరం రెండుసార్లు చూసుకుని సంతకం చేయండి.

ఇక ఫోన్ నంబరు. కొడుకు నంబరు ఇస్తారు చాలామంది. ఒకావిడకి ఇంటర్వ్యూ పిలుపు వస్తే అది కాలేజీ క్లాసులో ఉన్న అబ్బాయికి వెళ్లింది. వాడు ఎత్తలేదు, సాయంత్రం చెప్పడం మరిచిపోయాడు. రెండు రోజుల తర్వాత తెలిసేసరికి ఆ సీటు నిండిపోయింది. మీ చేతిలో ఉండే ఫోన్, మీ పేరున్న సిమ్, ఆధార్‌కి జతపడిన నంబరు, మూడూ ఒకటే అయితే తర్వాత ఏ గొడవా ఉండదు. మెయిల్ ఐడీ కూడా సొంతంగా పెట్టుకోండి. పాస్‌వర్డు వంటింటి క్యాలెండర్ వెనక రాసుకున్నా పర్లేదు, పక్కింటి అబ్బాయి ఫోన్‌లో మాత్రం ఉంచకండి.

నమోదు

పోర్టల్‌లో ఉద్యోగార్థిగా నమోదు ఎంచుకుని, గుర్తింపు వివరాలు ఇచ్చి, ఫోన్‌కి వచ్చిన ఓటీపీ కొట్టి, పాస్‌వర్డు పెట్టుకుంటే ఖాతా తయారవుతుంది. పది నిమిషాల పని. సొంతంగా చేసుకోలేకపోతే దగ్గర్లోని కామన్ సర్వీస్ సెంటర్‌కో, జిల్లా ఉపాధి కార్యాలయానికో వెళ్లొచ్చు. సందేహాలుంటే హెల్ప్‌లైన్ 1514.

ఖాతా తెరిచి ఇంటికి వెళ్లిపోయేవాళ్లే ఎక్కువ. అసలు పని అక్కడి నుంచే మొదలవుతుంది. సంస్థవాళ్లు పోర్టల్‌లో వెతికేటప్పుడు ఒక్కొక్కరి ప్రొఫైల్ తెరిచి చదవరు. ఊరు, చదువు, నైపుణ్యం, భాష అని జల్లెడ పడతారు. మీరు ఖాళీ వదిలిన గడి దగ్గరే మీ పేరు ఆ జల్లెడలోంచి జారిపోతుంది. "ఏ పనైనా చేస్తాను" అని రాసుకోవడం కూడా ఖాళీ వదిలినట్టే. ఆ మాట కొట్టి మనిషిని వెతికేవాడు ఎవడూ ఉండడు.

అనుభవం గడి

ఇక్కడ నిదానంగా కూర్చోండి. జీతం తీసుకున్న ఉద్యోగం ఏదీ లేకపోతే ఫ్రెషర్ అనే పెట్టాలి, అందులో నామోషీ లేదు. కానీ జీతం రాని పని పనే కాదని కాదు. అది అనుభవం గడిలోకి రాదు, నైపుణ్యాల గడిలోకీ బయోడేటాలోకీ వస్తుంది.

"నేనేం చేయలేదండీ, ఇంట్లోనే ఉన్నాను" అంది ముప్పై ఎనిమిదేళ్ల ఒకావిడ. పదో తరగతి పాసైంది. మాటల్లో పెట్టి అడిగితే, ఆరేళ్లుగా పొదుపు సంఘానికి రెండో లీడరని తేలింది. నెలనెలా సభ్యుల దగ్గర డబ్బు వసూలు చేయడం, తీర్మానాల పుస్తకం రాయడం, బ్యాంకుకి పట్టుకెళ్లి జమ చేయడం, ఎవరి కిస్తీ ఎంత మిగిలిందో లెక్క చూసుకోవడం, ఇవన్నీ ఆవిడ చేతి మీదే. ఆరేళ్లలో ఒక్క రూపాయి తేడా రాలేదని చెప్పేటప్పుడు మాత్రం గొంతు కాస్త పెరిగింది. బయోడేటాలో ఇలా రాశాం: "మహిళా పొదుపు సంఘం, రెండో లీడర్, 6 సంవత్సరాలు. నెలవారీ వసూళ్లు, బ్యాంకు జమలు, రుణ కిస్తీల లెక్కలు, సమావేశాల తీర్మానాలు రాయడం." నైపుణ్యాల్లో క్యాష్ హ్యాండ్లింగ్, రికార్డు కీపింగ్ పెట్టాం. కోరుకునే ఉద్యోగం దగ్గర హెల్పర్ తీసేసి క్యాషియర్, అకౌంట్స్ అసిస్టెంట్ పెట్టాం. ఆవిడ అదే, చదువు అదే. వెతికేవాళ్ల కంటికి కనిపించే చోటు మారింది.

తండ్రిని చూసుకున్న అబ్బాయి సంగతీ అంతే. పుండ్లు పడకుండా పక్క మార్చడం, వేళకి మందులు, షుగర్ చూసి చీటీలో రాయడం, ఆసుపత్రి చుట్టూ తిరగడం అతనికి వచ్చు. ఆసుపత్రుల్లో జనరల్ డ్యూటీ అసిస్టెంట్ అనే కొలువుకి కావాల్సింది ఇలాంటి ఓపికే. దానికి స్వల్పకాలిక శిక్షణ కోర్సు కూడా ఉంది. ఆ కోర్సు చేస్తే చేతిలో ఉన్న పనికి కాగితం తోడవుతుంది.

అబద్ధం మాత్రం రాయకండి. "ఫలానా షాపులో రెండేళ్లు చేశానని రాసేద్దాం, మా బావ సర్టిఫికెట్ ఇస్తాడు" అంటారు. జీతం స్లిప్పు అడుగుతారు, పీఎఫ్ నంబరు అడుగుతారు, అక్కడే దొరికిపోతారు. మధ్యలో ఖాళీ ఏళ్లుంటే ఒక్క వాక్యం చాలు: "2014 నుంచి 2023 వరకు కుటుంబ బాధ్యతలు." అంతకు మించి సంజాయిషీ ఇస్తే అవతలివారికి లేని అనుమానం పుడుతుంది.

నమోదు తర్వాత

పోర్టల్ మిమ్మల్ని వెతుక్కుంటూ రాదు. వారానికి రెండుసార్లయినా లాగిన్ అయి, అనుభవం అక్కర్లేని ఖాళీలు వడపోసి, మీరే దరఖాస్తు పెట్టాలి. జాబ్ మేళాల తేదీలు కూడా అక్కడే కనిపిస్తాయి. ఎన్‌సీఎస్ కిందే నడిచే మోడల్ కెరీర్ సెంటర్లలో కౌన్సెలర్లు ఉంటారు, మొహమాటపడకుండా వెళ్లి కూర్చోండి. మేళాకి వెళ్లేటప్పుడు బయోడేటా ఆరేడు ప్రతులు, జిరాక్సు సెట్లు పట్టుకెళ్లండి. ఒరిజినల్స్ చూపించండి, ఎవరి దగ్గరా వదలకండి.

ఉపాధి కార్యాలయాలు ఇచ్చే పాత ఎంప్లాయ్‌మెంట్ కార్డు సంగతి కూడా చెప్పాలి. రెండో ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులకి పని చూపించడానికి 1945లో మొదలైన కార్యాలయాలివి. 1956 నవంబరు 1న, అంటే ఆంధ్రప్రదేశ్ అవతరించిన రోజునే, వీటి నిర్వహణ రాష్ట్రాల చేతికి వచ్చింది. 1959 నాటి చట్టం ఖాళీలను ఈ కార్యాలయాలకి తెలియజేయాలని సంస్థలకి చెప్పింది గానీ, ఇక్కడి జాబితా నుంచే తీసుకోవాలని చెప్పలేదు. ఆ పైన 1996లో, కృష్ణా జిల్లా ఎక్సైజ్ శాఖ నియామకాల కేసులోనే, ఉపాధి కార్యాలయం పంపిన పేర్లతో సరిపెట్టకుండా పత్రికా ప్రకటన కూడా ఇచ్చి అందరికీ అవకాశం ఇవ్వాలని సుప్రీంకోర్టు అంది. కాబట్టి సీనియారిటీ వస్తుంది, ఉత్తరం వస్తుంది అని ఎదురుచూసే కాలం పోయింది. కార్డు ఉంటే మంచిదే, రెన్యువల్ గడువు దాటనివ్వకండి. దాని మీదే ఆశ పెట్టుకోకండి.

అప్రెంటిస్ దారి

అనుభవం లేనివారికి అనుభవం ఇచ్చే సర్కారు ఏర్పాటు ఇదొక్కటే అని నా లెక్క. 1961 అప్రెంటిస్ చట్టం కింద సంస్థలు పని నేర్పిస్తూ నెలనెలా స్టైపెండ్ ఇస్తాయి. 2016లో మొదలైన నాప్స్ (జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక) పథకంలో ఆ స్టైపెండ్‌లో నాలుగో వంతు, నెలకి 1,500 రూపాయలు మించకుండా కేంద్రం భరిస్తుంది. ఆ భాగం నేరుగా మీ ఖాతాలో పడుతుంది. నమోదు అప్రెంటిస్‌షిప్ ఇండియా పోర్టల్‌లో. చట్టం పెట్టిన కనీస వయసు 14 ఏళ్లు. పై వయసు మాత్రం ప్రకటన ప్రకటనకీ మారుతుంది, ముప్పై దాటినవారు ముందు ఆ గీత చదివి తర్వాతే మిగతాది నింపండి. శిక్షణ అయ్యాక అక్కడే ఉద్యోగం ఇస్తామన్న హామీ చట్టంలో లేదు, అది తెలిసే చేరాలి.

డబ్బు అడిగారంటే

ఎన్‌సీఎస్ పేరు చెప్పి రిజిస్ట్రేషన్ ఫీజు, యూనిఫాం డిపాజిట్, ల్యాప్‌టాప్ సెక్యూరిటీ అంటూ ఎవరు అడిగినా అది మోసం. ఇంట్లో కూర్చుని టైపింగ్ చేయండి, ముందు రెండు వేలు కట్టండి అన్నా అంతే. మొదటి ఉద్యోగం కోసం తహతహలాడేవాళ్లే వీళ్లకి దొరికేది. కట్టేశాక తెలిస్తే సిగ్గుపడి ఊరుకోకండి, వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ.

ఉద్యోగం ఖాయమైతే

పీఎఫ్ ఉన్న సంస్థలో చేరితే మీకు 12 అంకెల యూఏఎన్, అంటే ఎక్కడ పనిచేసినా మారని మీ పీఎఫ్ నంబరు, వస్తుంది. ఇప్పుడు ఉమంగ్ యాప్‌లో ముఖం చూపించి మీరే దాన్ని తీసుకోవచ్చు. తొలిసారి పీఎఫ్‌లో చేరేవారికి ప్రధానమంత్రి వికసిత్ భారత్ రోజ్‌గార్ యోజన ఒకటి ఉంది. 2025 ఆగస్టు 1కీ 2027 జూలై 31కీ మధ్య ఉద్యోగం వచ్చి, జీతం నెలకి లక్ష రూపాయలు మించనివారికి ఒక నెల పీఎఫ్ వేతనం, గరిష్ఠంగా 15,000 రూపాయలు రెండు విడతలుగా ఇస్తారు. మొదటి విడతకి ఆరు నెలలు పనిచేసి ఉండాలి. రెండోది పన్నెండు నెలలు నిండి, ఆర్థిక అక్షరాస్యత పాఠం పూర్తిచేశాక. ఎప్పుడో ఎక్కడో మూడు నెలలు చేసినప్పుడు పీఎఫ్ కోసి ఉంటే మీరు తొలిసారి చేరినవారి కిందకి రారు, కొత్తగా ఇంకో నంబరు తీసుకుని దాచాలని చూడకండి. అప్రెంటిస్ చట్టం కింద చేసినవారికి ఆ చిక్కు లేదు, వారికి పీఎఫ్ కోయరు. డబ్బు ఆధార్ జతపడిన ఖాతాకే వస్తుంది కాబట్టి చేరే ముందే బ్యాంకుకి వెళ్లి ఆ ముడి వేయించుకోండి.

చేరిన వారంలోనే ఎన్‌సీఎస్ ప్రొఫైల్ తెరిచి ఉద్యోగంలో ఉన్నట్టు మార్చుకోండి. లేకపోతే డ్యూటీలో ఉండగా ఇంటర్వ్యూలకి రమ్మని ఫోన్లు వస్తూనే ఉంటాయి.