పేరు నోటిదాకా వచ్చి ఆగిపోతుంటే

పక్షవాతం వచ్చిన మనిషికి వస్తువుల పేర్లు నోటికి రాకపోవడాన్ని అఫేజియాలో, అంటే మెదడు దెబ్బతిని మాట, భాష తడబడే స్థితిలో, చాలా ఎక్కువగా చూస్తాం, మెదడు ఎడమవైపు దెబ్బతిన్నవాళ్లలో మరీనూ. ఆ పేరు మీరే టక్కున అందించేయకండి, కాస్త ఆగండి. అప్పటికీ రాకపోతే దాని చుట్టూ ఉన్న సంగతులు అడగండి. మా అనంతపురం ఇంట్లో జేజినాయన చెనిక్కాయల చేట చూపించి "అది... అది" అంటుంటే అమ్మ "యాడ పండుతాది మామా? ఒలిచి ఏం చేస్తాం?" అని ఒక్కొక్కటే అడుగుతుంది, ఆయన "చేను... నూనె... ఊరిబిండి" అంటూ మెల్లగా దారిలో పడతాడు, ఇంకా తట్టకపోతే "చె..." అని మొదటి అక్షరం మాత్రం అందిస్తుంది, చాలాసార్లు మిగతాది ఆయనే పూర్తి చేస్తాడు. స్పీచ్ థెరపిస్టులు వాడే పద్ధతి కూడా ఇలాంటిదే.

చుట్టాలు వచ్చినప్పుడు "ఇదేంది చెప్పు, నేనెవరు చెప్పు" అని పరీక్ష పెట్టే టెన్షన్ మాత్రం వద్దు, అదొక దరిద్రపు అలవాటు. గట్టిగా అరవక్కర్లేదు, ఆయనకు పోయింది చెవులు కాదు, తెలివీ కాదు. చేత్తో చూపించినా, బొమ్మ గీసినా సరే అనుకోండి. బాగా అలిసిపోయి ఉంటే ఆ పూటకు వదిలేయండి.

బాగున్న మనిషికి ఉన్నట్టుండి మాట తడబడితే మాత్రం ఈ చిట్కాలేవీ కాదు, వెంటనే 108కి ఫోన్ చేయండి.