కేంబ్రిడ్జిలో ట్రినిటీ కాలేజీని ఎలా చూడాలి

కేంబ్రిడ్జికి వెళ్ళే మనవాళ్ళలో చాలామంది కింగ్స్ కాలేజీ ఛాపెల్ అనే ప్రార్థనామందిరం ముందు ఫోటో దిగి, కామ్ నదిలో పడవ మీద ఒక చుట్టు తిరిగి, సాయంత్రానికి లండన్ రైలు ఎక్కేస్తారు. అలా పది కాలేజీల గోడలు చూడటం కంటే ఒక్క కాలేజీని గేటు నుంచి నది ఒడ్డు దాకా నింపాదిగా చూడటం మేలని నా అభిప్రాయం. అందుకు ట్రినిటీని మించినది లేదు. అక్కడి రాళ్ళలో చరిత్ర ఉంది, అక్కడి నియమాలలో ఈనాటికీ సాగుతున్న జీవితం ఉంది, మన దేశంతో ముడిపడిన పేర్లూ ఉన్నాయి.

వెళ్ళే ముందు ఒక విషయం స్పష్టం చేసుకోవాలి. మన దగ్గర కాలేజీ పాఠం చెబుతుంది, విశ్వవిద్యాలయం పరీక్ష పెట్టి పట్టా ఇస్తుంది. 1857లో మద్రాసు విశ్వవిద్యాలయం లండన్ విశ్వవిద్యాలయాన్ని నమూనాగా తీసుకోవడంతో మనకు ఈ పద్ధతి స్థిరపడింది. కేంబ్రిడ్జి వ్యవస్థ వేరు. అక్కడ ఉపన్యాసాలు, ప్రయోగశాలలు, పరీక్షలు, పట్టాలు విశ్వవిద్యాలయానివి. డిగ్రీ విద్యార్థులను ఎంపిక చేసుకోవడం, గది ఇవ్వడం, భోజనం పెట్టడం, ఒకరిద్దరిని కూర్చోబెట్టుకుని వారం వారం వారి చదువును పరిశీలించడం కాలేజీ పని. సొంత ఆస్తులు, సొంత నిబంధనలు ఉన్న ఈ సంస్థను అధ్యాపకులైన ఫెలోలే నడుపుతారు. వారికి పెద్దగా మాస్టర్ ఉంటారు. ఇది మనసులో ఉంటే లోపల కనబడే ఆచారాలలో సగం వాటంతటవే అర్థమవుతాయి.

విద్యా సంవత్సరంలో మూడు టర్ములు: అక్టోబరులో మొదలయ్యే మైకెల్మస్, జనవరిలో లెంట్, ఏప్రిల్‌లో ఈస్టర్. ఈస్టర్ టర్ములో పరీక్షలు జరుగుతాయి కాబట్టి ఆ రోజుల్లో సందర్శకులకు ఆంక్షలు ఎక్కువ. కాలేజీలోని రెన్ గ్రంథాలయం రోజులో కొద్ది గంటలే తెరుస్తారు. కాలేజీ వెబ్‌సైట్‌లో ఆ రోజు వేళలు చూసుకుని, గ్రంథాలయం వేళను బట్టి మిగతా నడక కుదుర్చుకోండి.

ట్రినిటీ స్ట్రీట్ మీద గ్రేట్ గేట్ ఎదుట కాసేపు నిలబడండి. 1546లో ఎనిమిదవ హెన్రీ రాజు, అప్పటికే ఉన్న కింగ్స్ హాల్, మైకెల్‌హౌస్ అనే రెండు పాత కాలేజీలను కలిపి ట్రినిటీని స్థాపించాడు. ఈ గేటు కింగ్స్ హాల్ నాటిది, అంటే కాలేజీ కంటే దాని గేటే పాతది. పైన గూట్లో హెన్రీ విగ్రహం ఉంటుంది. రాజదండం ఉండవలసిన కుడిచేతిలో కుర్చీ కాలు కనబడుతుంది. విద్యార్థులు ఎప్పుడో చేసిన చిలిపి పనిని కాలేజీ అలాగే ఉంచేసింది. ఆ కింద మూడవ ఎడ్వర్డ్ రాజు కొడుకుల చిహ్నాలు వరసగా ఉంటాయి. వాటిలో ఒకటి ఏ గుర్తూ లేకుండా తెల్లగా ఉంటుంది. అది పసితనంలోనే చనిపోయిన విలియం అనే కొడుకుది. కొత్త మాస్టర్ వచ్చిన రోజున ఈ తలుపులు మూసి ఉంచుతారు. ఆయన వచ్చి తలుపు తట్టి, రాజముద్రతో వచ్చిన నియామక పత్రాన్ని ద్వారపాలకుల పెద్ద అయిన హెడ్ పోర్టర్‌కు అందిస్తే, ఫెలోలు దాన్ని పరిశీలించిన తరవాతే తలుపులు తెరుస్తారు. 2019లో అలా తలుపు తట్టినవారు సాలీ డేవిస్, ఈ కాలేజీకి తొలి మహిళా మాస్టర్. డిగ్రీ విద్యార్థినులను ఈ కాలేజీ చేర్చుకున్నది 1978లో, అంటే స్థాపించిన 432 ఏళ్ళకు. ఆ గేటు అందం చూసి మురిసిపోయేటప్పుడు ఇది కూడా గుర్తుండాలి.

గేటుకు కుడివైపు పచ్చికలో ఉన్న ఆపిల్ చెట్టును 1954లో నాటారు. న్యూటన్ స్వగ్రామమైన వూల్‌స్తోర్ప్‌లోని చెట్టుకు అది వారసురాలు. దాని వెనక గేటుకూ ఛాపెల్‌కూ మధ్య మొదటి అంతస్తులో న్యూటన్ నివసించాడు.

లోపలికి అడుగు పెట్టగానే గ్రేట్ కోర్ట్ అనే విశాలమైన ఆవరణ. 1593 నుంచి 1615 వరకు మాస్టర్‌గా ఉన్న థామస్ నెవిల్, అడ్డుగా ఉన్న కట్టడాలు తీయించి, గడియార స్తంభాన్ని సైతం వెనక్కి జరిపించి దీనికి ఈ రూపం ఇచ్చాడు. పచ్చిక మీద కాలు పెట్టకండి. అది ఫెలోల హక్కు, విద్యార్థులు కూడా చుట్టూ ఉన్న రాతిబాట మీదే నడుస్తారు. మధ్యాహ్నం పన్నెండుకు అక్కడ ఉండేలా చూసుకుంటే మంచిది. ఆ గడియారం ప్రతి గంటనూ రెండుసార్లు, ముందు మంద్రంగా, తరవాత హెచ్చు స్వరంలో కొడుతుంది కాబట్టి పన్నెండుకు ఇరవైనాలుగు దెబ్బలు వినబడతాయి. అవి పూర్తయ్యేలోగా ఆవరణ చుట్టూ ఒక చుట్టు పరుగెత్తడం ఇక్కడి విద్యార్థుల సవాలు. దూరం సుమారు 370 మీటర్లు, దొరికే సమయం ముప్పావు నిమిషం లోపే. 1927లో ఒలింపిక్ క్రీడాకారుడు డేవిడ్ బర్లీ దాన్ని సాధించాడు.

ప్రతి మెట్లదారికీ ఒక అక్షరం పేరు. మొదట్లో ఉన్న పలక మీద ఆ మెట్ల మీది గదులలో ఉండేవారి పేర్లు రాసి ఉంటాయి. పైకి ఎక్కకూడదు కాని, ఆ పలకను తప్పక చదవండి. ఇది ప్రదర్శనశాల కాదని, మనుషులు కాపురముండే చోటని ఆ పేర్లే చెబుతాయి.

ఛాపెల్ ముందరి గదిలో రూబిలియాక్ 1755లో చెక్కిన న్యూటన్ పాలరాతి విగ్రహం ఉంది. దాన్ని చూసి వెనుదిరగకండి; అదే గదిలో మెకాలే కూర్చుని ఉంటాడు. 1835లో మన దేశపు చదువును ఇంగ్లీషు వైపు తిప్పిన నివేదిక రాసిన ఆయన ఈ కాలేజీ ఫెలోయే. టర్ము రోజుల్లో గాయకబృందం పాల్గొనే సాయంకాల ప్రార్థనకు ఏ మతంవారైనా వెళ్ళి కూర్చోవచ్చు.

భోజనశాల తెరిచి ఉంటే లోపలికి తొంగి చూడండి. ఎత్తుగా ఉన్న వేదిక మీది హై టేబుల్ ఫెలోలది, కిందివి విద్యార్థులవి. విందు రోజుల్లో గౌన్లు వేసుకుని, లాటిన్ ప్రార్థన అయ్యాక భోంచేస్తారు. 1914లో వచ్చిన రామానుజన్ నియమం గల శాకాహారి కావడంతో ఈ పంక్తికి దూరంగా ఉండి తన గదిలోనే వండుకున్నారు. ఆయన కొంతకాలం ఉన్న హ్యూవెల్స్ కోర్ట్ వీధికి అవతల ఉంది. 1918లో ఆయన ట్రినిటీ ఫెలోగా ఎన్నికయ్యారు; ఆ గౌరవం పొందిన తొలి భారతీయుడు ఆయనే.

భోజనశాల దాటితే నెవిల్స్ కోర్ట్. ఉత్తరం వైపు వసారాలో న్యూటన్ నేలను కాలితో తన్ని, ప్రతిధ్వని తిరిగి వచ్చే వ్యవధిని బట్టి ధ్వని వేగం లెక్కగట్టాడు. ఎదురుగా 1695లో పూర్తయిన రెన్ గ్రంథాలయం. దీన్ని కట్టిన వాస్తుశిల్పి క్రిస్టఫర్ రెన్ పనితనం తెలియాలంటే ముందు బయటి నుంచి చూసి, పై అంతస్తు నేల ఏ ఎత్తులో ఉంటుందో ఊహించండి. పైకి వెళ్ళాక నేల మీరనుకున్న దానికంటే బాగా కింద ఉంటుంది. కింది అంతస్తు తోరణాల పై భాగాన్ని రాతితో మూసి నేలను కిందికి దించడం వల్ల, కిటికీల కింద పుస్తకాల బీరువాలకు ఎత్తయిన గోడ దొరికింది, వెలుతురేమో పైనుంచి ధారాళంగా వస్తుంది. బీరువాల చివర్లలో గ్రిన్లింగ్ గిబ్బన్స్ తెల్లకొయ్యలో చెక్కిన ఆకులను, పండ్లను దగ్గరగా చూడండి. రామానుజన్ చివరి రోజుల్లో రాసిన కాగితాలు, గణితజ్ఞులు ‘లాస్ట్ నోట్‌బుక్’ అని పిలిచేవి, 1976లో గణితజ్ఞుడు జార్జ్ ఆండ్రూస్ కంటబడింది ఈ గ్రంథాలయంలోనే.

సమయం మిగిలితే బయటికి వచ్చి పక్కనే ఉన్న సెయింట్ జాన్స్ కాలేజీకి వెళ్ళండి. కట్టమంచి రామలింగారెడ్డి గారు చదివింది అక్కడే. తరవాత ఆయన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి తొలి ఉపాధ్యక్షులు (వైస్ ఛాన్సలర్) అయ్యారు. ఆ విశ్వవిద్యాలయంలో గణితం చదివిన సంఖ్యాశాస్త్రవేత్త సి. ఆర్. రావు గారు, ఇదే వీధి వెంట దక్షిణంగా కొన్ని నిమిషాల నడకలో ఉన్న కింగ్స్ కాలేజీలో చేరి, 1948లో డాక్టరేటు పొందారు. రెండింటికీ ప్రవేశ రుసుము విడివిడిగా ఉంటుంది.