ఏజెన్సీ మారిన రోజున సంతకం ఎలా పెట్టాలి?

భీమవరం చుట్టుపక్కల రొయ్యల ఫ్యాక్టరీల్లో టెండరు మారితే మనుషుల్ని పనిలో పెట్టే ఏజెన్సీ పేరు మారుతుంది. షెడ్డు అదే, పని అదే, సూపర్‌వైజరూ అతనే. ఆ మారే రోజున పెట్టిన ఒక్క సంతకంతో ఏళ్ల సర్వీసు పోగొట్టుకుని నా దగ్గరికి అర్జీ రాయించుకోడానికొస్తారు. ముందే తెలుసుకుంటే ఆ పని ఉండదు.

ముందు కావాల్సింది రెండొందల పేజీల గీతల నోట్‌బుక్కు, బాల్‌పెన్ను. ఫోన్లో రాసుకుంటామంటే ఒప్పుకోను. ఫోను కాలవలో పడుద్ది, పుస్తకం గూట్లోనే ఉంటుంది. రోజూ తేదీ, షిఫ్టు, పని ఎవరు చెప్పారు అన్నది రాయండి. పన్నెండు నెలల్లో 240 రోజులు పనిచేస్తే ఏడాది సర్వీసు కింద లెక్క. పని ఎవరు చెప్పారన్నది ఎందుకంటే, 2001లో ప్రభుత్వ ఉక్కు కంపెనీ సెయిల్ కేసులో సుప్రీంకోర్టు కాంట్రాక్టు రద్దయినంత మాత్రాన పర్మినెంటు అయిపోరని చెప్పింది. కాంట్రాక్టు ఉత్త నాటకమని తేలితే మాత్రం కంపెనీ మనుషులే. అది తేల్చేది ఇలాంటి రాతలే.

రిజిస్టరైన నంబరు నుంచి 9966044425కి మిస్డ్ కాల్ ఇచ్చి పీఎఫ్ పడుతోందో లేదో చూసుకోండి. పన్నెండంకెల యూఏఎన్, అంటే ఏజెన్సీ మారినా మారని మీ పీఎఫ్ నంబరు, ఒక్కటే ఉండాలి. కొత్త ఏజెన్సీ వాళ్లకి పాతదే ఇవ్వండి.

ఇక సంతకం. నెలాఖరున మేస్త్రీ కాగితాల కట్ట పట్టుకొస్తాడు. బస్సు కదిలే వేళ చూసుకుని మరీ వస్తాడు. "ఏం లేదమ్మా, జీతం ముట్టినట్టు ఊరికే ఓ సంతకం" అంటాడు. అందులో ఒకటి రాజీనామా అయ్యుంటుంది, లేదా "నాకు రావలసినదంతా ముట్టింది" అన్న సెటిల్‌మెంటు, లేదా ఉత్త తెల్లకాగితం. మీరే మానేశారని రాసిస్తే తీసేసినందుకు ఇచ్చే పరిహారం అడగలేరు. గ్రాట్యుటీకి, అంటే పని వదిలేటప్పుడు సర్వీసును బట్టి వచ్చే సొమ్ముకి, అయిదేళ్ల ఎడతెగని సర్వీసు చూపించాల్సి వచ్చినప్పుడు అవతలివాళ్లు ముందు తీసేది ఆ కాగితమే.

కాబట్టి నిలబడి చదవండి. చదువు రాకపోతే పక్కనున్న పిల్లచేత పైకి చదివించుకోండి. బస్సు పోతే పోనివ్వండి. తెల్లకాగితం, రాజీనామా, ఈ రెంటి మీదా జీతం ఆపుతానన్నా పెట్టకండి. జీతం రసీదైతే సంతకానికి పైన మీ చేత్తో అంకె, తేదీ, "ఈ నెల జీతం మాత్రమే ముట్టింది, పని మానలేదు" అని రాసి, కింద మిగిలిన ఖాళీ గీత కొట్టేసి, అప్పుడు సంతకం. వెంటనే ఫోటో తీయండి. ఫోను పనికొచ్చేది ఇక్కడే. వేలిముద్ర వేసేవాళ్లు ఆ వాక్యం మేస్త్రీ చేత కాకుండా ఇంకొకరి చేత రాయించండి.

జీతం ఆపేస్తే లేబర్ ఆఫీసుకి అర్జీ. ఆఫీసు బయట రాసేవాళ్లు "దయతో ఉద్యోగం ఇప్పించ ప్రార్థన" అంటూ మొదలెట్టి ఏజెన్సీ పేరొక్కటే వేస్తారు. అది దండగ. ఏజెన్సీ ఇవ్వకపోతే జీతం కంపెనీయే ఇవ్వాలి, పీఎఫ్‌కీ కంపెనీదే బాధ్యత. ఇద్దరి పేర్లూ వేసి, ఏ నెలలు, ఎంత బాకీ అన్నది రాసి, మీ కాపీ మీద స్టాంపు వేయించుకుని మరీ బయటికి రండి.