హారిస్ ట్వీడ్ అనే ఉన్ని బట్టలో అసలుదాన్ని గుర్తుపట్టడం ఎలా
ముందు కోటు లోపల లేబుల్ చూడండి, గోళం మీద శిలువ ఉన్న ఆర్బ్ ముద్ర ఉండాలి, ఎందుకంటే 1993లో బ్రిటన్‌లో వచ్చిన చట్టం ప్రకారం స్కాట్లాండ్ ఔటర్ హెబ్రిడీస్ దీవుల్లో రంగేసి వడికిన ఉన్నిని అక్కడివాళ్లు మన చేనేతలాగే తమ ఇళ్ల దగ్గరే మగ్గం మీద నేస్తేనే ఆ పేరు పెట్టాలి. తర్వాత బట్టని కళ్లకి దగ్గరగా పెట్టుకోండి, దూరం నుంచి ఒకే రంగులా కనిపించిన దాంట్లో నాలుగైదు రంగులు తేలతాయి, వడకక ముందే ఉన్నికి రంగేసి కలుపుతారు కదా, నాకైతే అందమంతా అక్కడే ఉంది. స్కాట్లాండ్ వాళ్ల స్కాట్స్ భాషలో ట్విల్ నేతని, అంటే ఏటవాలు గీతలు కనిపించే నేతని, ట్వీల్ అంటారు, దాన్ని ఎవరో ట్వీడ్ అని తప్పు చదివితే అదే నిలబడిపోయిందని చెప్తారు. గరుకుగా ఉందని వదిలేయకండి, దాని గుణమే అది. మెషిన్‌లో మాత్రం వెయ్యొద్దు, ముడుచుకుపోతుంది, బ్రష్ చేసి గాలికి తగిలిస్తే చాలు.