ఇంగ్లండ్ ఆమ్స్‌హౌసుల గోడలకు సున్నపు పాయింటింగ్

పేద వృద్ధుల కోసం దాతలు కట్టించిన ఈ ఇళ్లలో ఇటుకలు పెచ్చులూడుతుంటే ముందు తూములు, చూరు గొట్టాలు, పొగగొట్టాల మొదళ్లు చూడండి. గోడ తడవడం ఆగకుండా పాయింటింగ్ (ఇటుకల మధ్య అతుకుల్లో కొత్తగా సున్నం కూరడం) చేస్తే డబ్బు దండగ.

తర్వాతి అనుమానం అతుకుల్లో ఎప్పుడో కూరిన సిమెంటు మీద. ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో 1437లో స్థాపించిన యూయెల్మ్ ఆమ్స్‌హౌస్ లాంటి చోట్ల పాత ఇటుక మెత్తన, సిమెంటు గట్టిది. గోడలోని తేమ అతుకుల గుండా ఆరలేక ఇటుకలోంచే బయటికొస్తుంది. చలికి ఆ నీరు గడ్డకట్టి ఇటుక ముఖాన్ని ఊడగొడుతుంది. అతుకు మాత్రం చెక్కుచెదరదు!

వారసత్వ జాబితాలోని కట్టడమైతే అనుమతి అవసరమో లేదో స్థానిక కౌన్సిల్ పరిరక్షణాధికారిని ముందే అడగండి. అవసరమైనచోట అనుమతి లేకుండా పని చేయడం నేరం.

అతుకుల్లోని పాత పూరకాన్ని అతుకు వెడల్పుకి రెట్టింపు లోతున, కనీసం 25 మి.మీ. వరకు, సన్నని ఉలితో తీయండి. గ్రైండర్ వద్దు, ఇటుక అంచులు పోతాయి. ఊడిరాని సిమెంటును బలవంతంగా పెకలించకుండా వదిలేయడమే నయం.

దుమ్ము దులిపి, నీళ్లు చిలకరించండి. ఒక పాలు సహజ హైడ్రాలిక్ సున్నానికి (నీటితో కలిసి గట్టిపడే సున్నం) సుమారు మూడు పాళ్లు గరుకు ఇసుక కలిపి, లోపలికంటా నొక్కి కూరండి. బొటనవేలు దిగనంత బిగిశాక గట్టి బ్రష్‌తో పొడవండి. ఇటుక అంచుల మీదికి పూయకండి. 5 డిగ్రీల సెల్సియస్ కన్నా చలి ఉంటే పని ఆపాలి. తడి గోనెపట్టా కప్పి, కొన్ని రోజులు నెమ్మదిగా ఆరనివ్వండి. గబగబా ఆరితే పొడిగా రాలుతుంది.