జైలులోని విద్యార్థి రాసిన కథనాన్ని అచ్చుకు సిద్ధం చేయడం ఎలా?

అమెరికాలో ఖైదీల కళాశాల చదువుకు అందే పెల్ గ్రాంట్లను (తక్కువ ఆదాయం గల విద్యార్థులకు ప్రభుత్వం ఇచ్చే ఆర్థిక సాయాన్ని) 1994లో రద్దు చేసి, 2023 జులైలో తిరిగి పునరుద్ధరించారు. కాలిఫోర్నియాలోని శాన్ క్వెంటిన్ జైలులో ఖైదీలే రాసి నడిపే శాన్ క్వెంటిన్ న్యూస్ పత్రికతో పాటు, 2022లో గుర్తింపు పొందిన మౌంట్ టామల్‌పైస్ కళాశాల కూడా ఉంది. ఇటువంటి చోటు నుంచి వచ్చే రచనను ప్రచురించదలచిన సంపాదకులకు ముందుగా కావలసింది ఓపిక.

రచయిత అంతర్జాలంలో వెతికి సరిచూసుకోలేరు కనుక, సందేహాలన్నిటినీ అంకెలు వేసి, జవాబుకు చోటు వదిలి, ఒకే ఉత్తరంలో పంపాలి. ‘తిండి బాగోలేదు’ అని రాసి ఉంటే, ఏ పూట, ఏమి వడ్డించారు, తాను తిన్నారా లేక ఇతరులు చెప్పగా విన్నారా అని అడగాలి. ఆరోపణ ఉన్నప్పుడు జైలు అధికారుల వివరణ కోరే బాధ్యత సంపాదకులదే. ఆ పనిని లోపలివారిపై మోపడం అన్యాయం.

ఫోన్ సంభాషణలు సాధారణంగా రికార్డవుతాయి కాబట్టి, విచారణలో ఉన్న కేసు ప్రస్తావన ఫోనులో తేకూడదు. చేసిన నేరమేమిటని మొదటి ఉత్తరంలోనే ఆరా తీయడం నా దృష్టిలో మర్యాద కాదు, అయితే కథనం ఆ కేసు గురించే అయితే కోర్టు పత్రాలు చూడక తప్పదు. భాషాదోషాలు దిద్దవచ్చు గానీ, జాలి పుట్టించే వాక్యాలు చేర్చరాదు.

పేరు వేయడానికి రాతపూర్వక అంగీకారం తీసుకోవాలి. పారితోషికంపై నియమాలు రాష్ట్రాన్నిబట్టి మారతాయి. విడుదలైన పూర్వ విద్యార్థి పాత కథనాన్ని పునర్ముద్రిస్తుంటే, పేరు ఉంచాలా వద్దా అని మళ్లీ అడగాలి.